ఘాట్ ఎక్కే గూడ్సుకి బ్యాంకర్: ఇంజిన్లన్నీ ముందే ఎందుకు కట్టరు?

ప్రశ్న (పేరు: ఎక్కుడు_లెక్క)

ఇంజిన్లు కాక 4,000 టన్నుల బరువున్న గూడ్సు. ఎక్కుడు 1 ఇన్ 50 (50 మీటర్లు పోతే ఒక మీటరు పైకి), దారిలో 3 డిగ్రీల వంపులు ఉన్నాయి. దొరికే ఇంజిన్ ఆరు యాక్సిళ్లది, బరువు 123 టన్నులు, స్టార్టింగ్‌లో 460 కిలోన్యూటన్ల లాగుడు బలం. అంటే మన రైల్వే కరెంటు గూడ్సు ఇంజిన్ వ్యాగ్-9కి కాగితం మీద ఉన్న అంకెలే. ఈ లెక్కన మూడు ఇంజిన్లు చాలాలి కదా? అయినా ఘాట్లలో ఇంకా ఎక్కువే కడతారు, పైగా వాటిలో కొన్నిటిని వెనక పెట్టి తోయిస్తారు (బ్యాంకర్ అనేది వీటినే). అన్నీ ముందే కట్టి ఒకే డ్రైవర్ చేతికిస్తే సమన్వయం తలనొప్పే ఉండదు. వెనక పెట్టడానికి అసలు కారణం ఏమిటి? ఎక్కుడు ముగిసి శిఖరం దాటేటప్పుడు ముందు, వెనక డ్రైవర్లు ఎవరు ఎప్పుడు పవర్ తగ్గించాలి? అంకెలతో చెప్పగలిగితే మేలు.

జవాబు 1 (పేరు: నాచ్_ఎనిమిది)

ముందు ఎన్ని ఇంజిన్లు కావాలో తేల్చుకుందాం.

ఎక్కుడు ఒక శాతం ఉంటే టన్నుకి 10 కిలోల బలం అడ్డు వస్తుంది. 1 ఇన్ 50 అంటే 2 శాతం, కాబట్టి 20 కిలోలు. వంపుకి డిగ్రీకి 0.4 చొప్పున 1.2 కిలోలు. రోలర్ బేరింగుల వ్యాగన్లు నెమ్మదిగా నడిచేటప్పుడు సుమారు 2 కిలోలు, నిలబడ్డ చోటి నుంచి కదిలేటప్పుడు సుమారు 4 అనుకోండి. మొత్తం కలిపితే నడకలో టన్నుకి 23.2, స్టార్టింగ్‌లో 25.2. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: ఇంజిన్ తన బరువుని కూడా తానే పైకి ఎక్కించుకోవాలి.

మూడు ఇంజిన్లతో మొత్తం 4,369 టన్నులు. కదల్చడానికి 110 టన్నుల బలం కావాలి. 460 కిలోన్యూటన్లు అంటే చక్రం మీది బరువులో 38 శాతం. పొడి పట్టాలు, మంచి ఇసుక, కొత్త తరం స్లిప్ కంట్రోల్ (చక్రం జారకుండా చూసే ఏర్పాటు) అన్నీ కలిసొస్తేనే అది వస్తుంది, దాని మీద ఆధారపడి లోడు రాయకూడదు. 30 శాతం పట్టు అనుకుంటే ఒక్కో ఇంజిన్‌కి 36.9, మూడింటికీ కలిపి 110.7 టన్నులు. అంటే బొటాబొటి. పట్టాలు తడిసి పట్టు 25 శాతానికి పడితే 92 టన్నులే వస్తుంది, నడకకి కావలసిన 101 కూడా అందదు. బండి మధ్యలో నిలబడిపోతుంది.

నాలుగు కడితే మొత్తం బరువు 4,492 టన్నులు, స్టార్టింగ్‌కి 113 కావాలి. 25 శాతం పట్టుతోనే 123 వస్తుంది. అందుకే నాలుగు.

పట్టు గురించి ఇంకో మాట. జోరు వాన పట్టాలని కడిగేస్తుంది. సన్న తుంపర, పొద్దున్నే పడే మంచు అయితే పట్టా మీది తుప్పు, నూనె, దుమ్ముతో కలిసి జారుడు పొరగా మారతాయి. ఇంజిన్లు ఎక్కువగా జారేది అప్పుడే. ఇసుక గొట్టం మూతి చక్రం, పట్టా కలిసే చోటికి సూటిగా ఉండాలి. పక్కకి తిరిగి ఉంటే డబ్బాలో ఇసుక ఎంతున్నా దండగే.

పాత డీసీ మోటార్ల డీజిల్ ఇంజిన్లయితే వేగం కూడా చూసుకోవాలి. వాటికి కనీస నిరంతర వేగం అని ఒకటి ఉంటుంది. అమెరికా ఎస్‌డీ40-2కి మామూలు గేరుతో అది గంటకి సుమారు 18 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిగా ఫుల్ పవర్‌లో ఎక్కువసేపు లాగిస్తే మోటారు వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. త్రీ ఫేజ్ ఏసీ మోటార్లకి ఈ బెడద చాలా తక్కువ.

జవాబు 2 (పేరు: నకిల్_పిన్)

లెక్క సరిగ్గా ఉంది. అయితే అసలు ప్రశ్న నాలుగింటినీ ఎక్కడ కట్టాలన్నది. నా దృష్టిలో ఎన్ని ఇంజిన్లు అన్నదాని కంటే ఇదే పెద్ద విషయం.

నాలుగూ ముందే ఉంటే 4,000 టన్నుల భారమంతా మొదటి వ్యాగన్ కప్లర్ (బండ్లని కలిపే కొక్కెం) మీదే పడుతుంది. కదిలేటప్పుడు అది 101 టన్నులు, అదీ కుదుపులేమీ లేకుండా లాగితే. చక్రాలు జారి మళ్లీ పట్టు దొరికిన క్షణంలో నాలుగు ఇంజిన్లూ 30 శాతం పట్టుతో ఒక్కసారి లాగితే 135 దాకా పోతుంది. అమెరికా పద్ధతిలో మామూలు గ్రేడ్ సి నకిల్‌కి (కప్లర్‌లో పక్కదాన్ని పట్టుకునే వేలు లాంటి ముక్క) ప్లానింగ్‌లో పెట్టుకునే పరిమితి 2,50,000 పౌండ్లు, అంటే 113 టన్నులు. గట్టి రకం గ్రేడ్ ఇ అయితే 3,90,000 పౌండ్లు, 177 టన్నులు. కానీ రేక్‌లో (వ్యాగన్ల వరుసలో) ఏ వ్యాగన్‌కి ఎంత పాత నకిల్ ఉందో, దాని లోపల ఎంత పగులు ఉందో పైనుంచి కనబడదు. యూరప్ స్క్రూ కప్లింగ్ అయితే తెగే బలమే 85 టన్నుల దగ్గర, అక్కడ ఈ ఆలోచనకే చోటు లేదు.

రెండు ముందు, రెండు వెనక పెట్టి సమానంగా పని చేయిస్తే ముందు కప్లర్ మీద 50 టన్నులే. చివరి వ్యాగన్ మీద 50 టన్నుల తోపుడు. నడుమ ఎక్కడో ఒక కప్లర్ దగ్గర లాగుడూ ఉండదు, తోపుడూ ఉండదు. డ్రైవర్లు నాచ్ (పవర్ మెట్టు) మార్చిన ప్రతిసారీ ఆ చోటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

ఈ తోపుడుతోనే చిక్కు. వంపులో తోస్తే వ్యాగన్లు బయటి పట్టా వైపుకి ఒత్తుకుంటాయి. లోడు వ్యాగన్ అయితే దాని బరువే దాన్ని పట్టా మీద అదిమి పెడుతుంది. ఖాళీ వ్యాగన్‌కి ఆ అదుము ఉండదు. చక్రం మీద పక్క ఒత్తిడి కింది బరువులో సుమారు 0.8 వంతు దాటితే చక్రపు అంచు పట్టా ఎక్కే ప్రమాదం మొదలవుతుంది. పొడవాటి ఖాళీ ఫ్లాట్ వ్యాగన్ పక్కన పొట్టి వ్యాగన్ ఉంటే ఇంకా చేటు, ఎందుకంటే కప్లర్ కోణం పెరుగుతుంది. కాబట్టి బ్యాంకర్‌కి ఎదురుగా ఖాళీలు ఉండకూడదు. రేక్ కలగలుపుదైతే ముందు షంటింగ్ చేసి బరువైనవి వెనక్కి తెచ్చుకోవాలి.

ముందు మరీ గట్టిగా లాగితే దీనికి తిరగబడ్డ రకం జరుగుతుంది. వంపులో బిగుసుకున్న దారంలా రేక్ లోపలి వైపుకి గుంజుకుని, తేలిక వ్యాగన్లు లోపలికి పడతాయి.

రెండింటికీ మధ్యే మార్గం, సహాయ ఇంజిన్లని రేక్ నడుమ కట్టడం. పై ఉదాహరణలోనే రెండు ముందు పెట్టి, మిగతా రెండిటిని మూడింట రెండు వంతుల బరువు దాటాక పెట్టండి. ముందువి 2,000 టన్నులు లాగుతాయి. నడుమవి తమ వెనక 1,333 టన్నులు లాగి, తమ ముందు 667 టన్నులు తోస్తాయి. అత్యధిక తోపుడు 17 టన్నులకి దిగిపోతుంది. ఖర్చు సమయమే: రేక్ విడగొట్టాలి, కట్టాలి, పైన మళ్లీ విడగొట్టాలి. రోజూ పదుల బండ్లు నడిచే లైనులో అది భరించలేరు కాబట్టే, 1 ఇన్ 37 ఎక్కుడున్న కర్జత్–లోనావాలా, కసారా–ఇగత్‌పురి ఘాట్లలో బ్యాంకర్‌ని వెనకే కడతారు. వెనక ఉండటంలో ఇంకో రక్షణ కూడా ఉంది: దారిలో కప్లర్ తెగితే వెనక ముక్క కిందికి జారకుండా ఆపే ఇంజిన్ దానికే తగిలి ఉంటుంది.

జవాబు 3 (పేరు: బ్రేక్_పైపు_5)

కట్టడం, కదలడం, శిఖరం దాటడం గురించి నేను చెబుతాను.

బ్యాంకర్ నడక వేగంతో వచ్చి, రేక్‌కి కాస్త దూరంలో పూర్తిగా ఆగి, తర్వాత మెల్లగా తగలాలి. తగిలిన చప్పుడు విని కప్లర్ పడిందనుకోకూడదు. కింద వంగి టార్చి వేసి లాక్ పూర్తిగా దిగిందో లేదో చూడాలి, ఆ తర్వాత ఇంజిన్‌ని కొంచెం వెనక్కి లాగి పరీక్షించాలి. బ్రేకు గాలి హోస్ పైపులు కలిపాక ఇంజిన్ వైపు యాంగిల్ కాక్ (పైపు చివర ఉండే కవాటం) ముందు తెరవండి, వ్యాగన్ వైపుది తర్వాత మెల్లమెల్లగా. ఒక్కసారి తెరిస్తే పైపులో ప్రెషర్ ఠక్కున పడి రేక్ అంతా ఎమర్జెన్సీ పట్టేస్తుంది. మళ్లీ చార్జి కావడానికి చాలా నిమిషాలు పోతాయి.

బ్యాంకర్‌లో బ్రేక్ వాల్వ్‌ని ట్రెయిల్‌లో, అంటే పైపులోకి గాలి నింపని స్థితిలో, పెట్టాలి. పైపుని నింపేది ముందు ఇంజిన్ ఒక్కటే. బ్యాంకర్ కూడా నింపుతూ ఉంటే ముందు డ్రైవర్ వేసిన బ్రేకుని వెనక నుంచి ఇది వదిలిస్తుంది. ఎమర్జెన్సీ వేసే వీలు మాత్రం బ్యాంకర్‌కి ఉండాలి. తర్వాత కంటిన్యుటీ పరీక్ష: ముందు డ్రైవర్ 5 కిలోల (చదరపు సెంటీమీటరుకి) నుంచి ప్రెషర్ దించితే బ్యాంకర్ గేజ్‌లో ముల్లు దిగాలి, వదిలితే ఎక్కాలి. నడుమ ఒక కాక్ మూసి ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. 1996 ఫిబ్రవరి 1న కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ దిగుతూ ఒక గూడ్సు అదుపు తప్పింది, బ్రేక్ పైపు నడుమ మూసుకుపోయి వెనక వ్యాగన్లకి బ్రేకు అందకే. ఈ పరీక్షకి పట్టే రెండు నిమిషాల దగ్గర పీనాసితనం వద్దు. చివరగా టెయిల్ ల్యాంప్‌ని వ్యాగన్ నుంచి బ్యాంకర్‌కి మార్చాలి.

ఎక్కుడు మీద కదిలేటప్పుడు: బ్రేకు వదులు కావడం ముందు నుంచి వెనక్కి పాకుతుంది. ముందు గేజ్ 5 చూపించగానే నాచ్ తీస్తే, వెనక వ్యాగన్లు ఇంకా బ్రేకుతోనే బిగుసుకుని ఉంటాయి. నకిళ్లు ఎక్కువగా తెగేది ఈ తొందరలోనే. వెనక డ్రైవర్ రేడియోలో "ఇక్కడ ప్రెషర్ వచ్చింది, తోస్తున్నా" అన్నాక ముందు డ్రైవర్ ఒక్కో నాచ్ తీయాలి. కదలకపోతే ఫుల్ నాచ్‌లో పట్టుకుని కూర్చోకండి. డీసీ మోటారయితే తిరగకుండా కరెంటు తీసుకుని దాని కమ్యుటేటర్ (కరెంటు అందించే తిరిగే భాగం) కాలుతుంది, ఒకే చోట తిరిగే చక్రం పట్టాని తినేస్తుంది. బ్రేకు వేసి, లోడు తగ్గించాలా, రెండో బ్యాంకర్ పిలవాలా తేల్చుకోండి. అంతసేపు ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకులు తిప్పాలి, గాలి కారిపోతుంది.

ఇక శిఖరం. పై లెక్కలోనే, అటువైపు దిగుడు కూడా 1 ఇన్ 50 అనుకోండి. రెండు ముందు ఇంజిన్లూ, 1,000 టన్నుల వ్యాగన్లూ అటు దిగాయి. ఇవతల ఇంకా 3,000 టన్నులు ఎక్కుతున్నాయి, వాటికి నడకలో 70 టన్నుల బలం కావాలి. బ్యాంకర్లు 50 ఇస్తున్నాయి. మిగతా 20 ముందు భాగం తన బరువుతోనే లాగేస్తుంది. అంటే పావు రేక్ దాటేసరికే ముందు ఇంజిన్ల పవర్ దాదాపు సున్నా అయిపోయి ఉండాలి. ముందు డ్రైవర్ శిఖరం దగ్గర పడగానే నాచ్‌లు ఒక్కోటి దించుతూ రావాలి. వెనక డ్రైవర్ మాత్రం సగం రేక్ దాటేదాకా తోపుడు వదలకూడదు. ఆ సమయంలో ఆయన పవర్ ఒక్కసారి మూసేసి, ముందు ఆయన వేగం నిలబెట్టాలని నాచ్‌లు పెంచితే, శిఖరం మీద ఉన్న కప్లర్‌కి 20 బదులు 75 టన్నులు తగులుతాయి.

ముందు డ్రైవర్ ఏ కారణంతోనైనా ఎమర్జెన్సీ వేస్తే? బ్యాంకర్ ఇంకా తోస్తూ ఉంటే రేక్ మడత పడుతుంది. అందుకే పైపు ప్రెషర్ పడగానే బ్యాంకర్ పవర్ దానంతటదే తెగాలి. ఆ రిలే పనిచేస్తోందని కట్టే ముందే చూసుకోవాలి. ఇంగ్లాండులో లిక్కీ ఇన్‌క్లైన్ (1 ఇన్ 37.7, సుమారు 3 కిలోమీటర్లు) మీద కప్లింగ్ లేకుండా వెనక తోసి, పైన మెల్లగా వెనక్కి జారుకునే పద్ధతి ఉండేది. అలా విడిపోయిన బ్యాంకర్ మళ్లీ నడుస్తున్న బండిని అందుకునే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు.

ఎక్కుడు_లెక్క

చాలా స్పష్టంగా ఉంది, ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి: నడుమ ఇంజిన్లలో మనిషి లేకుండా ముందు నుంచే రేడియోతో నడిపితే ఈ సమన్వయం గొడవ తీరినట్టేనా? దిగుడులో కూడా సహాయ ఇంజిన్లని ఉంచుకోవడం లాభమేనా?

నకిల్_పిన్

చాలావరకు తీరుతుంది. రెండు గుంపులకీ వేర్వేరు నాచ్ ఇవ్వొచ్చు కాబట్టి శిఖరం మీద ముందు గుంపుని డైనమిక్ బ్రేకులో (మోటార్లనే జనరేటర్లుగా తిప్పి వేగం ఆపే బ్రేకు) పెట్టి వెనక గుంపుతో తోయించవచ్చు. బ్రేకు కూడా రెండు చోట్ల నుంచి ఒకేసారి పడుతుంది. సొరంగాల్లో, కొండ కోతల్లో రేడియో తెగుతుంది, అదే ఇబ్బంది. సిగ్నల్ పోతే దూర ఇంజిన్ చివరిగా అందిన ఆజ్ఞనే పట్టుకుని ఉంటుంది, పైపు ప్రెషర్ పడితే ఐడిల్‌కి వస్తుంది. కాబట్టి సొరంగం ముందరే నాచ్ సర్దుకోవాలి. డీజిల్ అయితే పొడవైన సొరంగంలో ముందు ఇంజిన్ల పొగ, వేడి నడుమ ఇంజిన్లే పీల్చుకుంటాయి, పవర్ పడిపోతుంది.

బ్రేక్_పైపు_5

దిగుడులో ఉంచుకోవడం లాభమే, వాటి డైనమిక్ బ్రేకు నిజంగా పనిచేస్తుంటేనే. 1989 మే 12న శాన్ బెర్నార్డినోలో అదుపు తప్పిన సదరన్ పసిఫిక్ గూడ్సుకి ముందు నాలుగు, వెనక రెండు ఇంజిన్లున్నాయి. 69 వ్యాగన్ల ట్రోనా (ఒక ఖనిజం) బరువుని కాగితం మీద తక్కువ వేశారు: సుమారు 6,150 అమెరికన్ టన్నులని రాశారు, అసలు బరువు దాదాపు 8,950. కొన్ని ఇంజిన్లలో డైనమిక్ బ్రేకు సరిగా లేదు. వెనక డ్రైవర్ ఎమర్జెన్సీ వేయగానే, ఆ ఇంజిన్ల అమరిక ప్రకారం ఉన్న డైనమిక్ బ్రేకు కూడా తెగిపోయింది.

కాబట్టి పైన బయల్దేరే ముందు ప్రతి ఇంజిన్‌లోనూ డైనమిక్ బ్రేకు ఆంపియర్లు చూసి రాసుకోండి, ముందూ వెనకా డ్రైవర్లు ఆ అంకెలు రేడియోలో చెప్పుకోండి. ఒక్కటి పనిచేయకపోయినా దిగే వేగం తగ్గించాలి. బ్యాంకర్‌ని పైనే విప్పేస్తే, వ్యాగన్ వైపు కాక్ ముందు మూసి, తర్వాత ఇంజిన్ వైపుది మూసి, హోస్ విడదీయండి. టెయిల్ ల్యాంప్ చివరి వ్యాగన్‌కి తగిలించి, కంటిన్యుటీ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి. రేక్ చివర మారింది కాబట్టి కింద చేసిన పరీక్ష చెల్లదు.