ఇంట్లో కయాక్‌ల సంఖ్య పెరుగుతోంది: వాటిని ఎక్కడ, ఎలా ఉంచాలి?

సైనిక్‌పురి తెడ్డు

అందరికీ నమస్కారం. హైదరాబాద్ సైనిక్‌పురిలో మాకు సొంత డాబా ఇల్లు ఉంది. ప్రస్తుతం మా దగ్గర పైన కూర్చొని నడిపే 10 అడుగుల పాలిథిలీన్ ప్లాస్టిక్ కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలు) రెండు, ఇద్దరు పట్టే, గాలి నింపి వాడే గాలి కయాక్ ఒకటి ఉన్నాయి. మొదటి రెండింటినీ పోర్టికోలో ఒకదానిమీద ఒకటి పేర్చడం వల్ల కారును వీధిలో నిలపవలసి వస్తోంది. ఈ విషయంలో మా నాన్నగారి ఓపిక ఇప్పటికే అడుగంటింది. ఇంతలో తెలిసినవారొకరు దూరప్రయాణాలకు వాడే తమ 16 అడుగుల ఫైబర్‌గ్లాస్ టూరింగ్ కయాక్‌ను తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. దాన్ని కూడా తీసుకొని, గట్టి పడవలు మూడింటినీ మేడమీదికి చేర్చి, నీలం పట్టా కప్పి ఉంచవచ్చా? వేసవిలో మా మేడ మీద చెప్పులు లేకుండా నిలబడలేము కనుక సందేహిస్తున్నాను. గోడకు అమర్చడమే మేలైతే, ఆ పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

నీటిబాట

మేడమీద వద్దండి. పాలిథిలీన్ కరగాలంటే 100 డిగ్రీల సెల్సియస్ దాటాలి గాని, వంగడానికి అంత వేడి అక్కర లేదు. ఏప్రిల్, మే నెలల్లో నేరుగా ఎండ తగిలే పడవ గాలికంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. ఆ సమయంలో బరువంతా ఒకటి రెండు చోట్ల మాత్రమే ఆనితే అక్కడ అడుగుభాగం లోపలికి సొట్టపోతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చినా జరిగేది అదే. కొత్తగా పడిన సొట్టలు వేడినీళ్ళు పోసి లోపలినుంచి మెల్లగా నెడితే చాలావరకు సర్దుకుంటాయి. పాతబడినవి అంత సులువుగా లొంగవు.

నీలం పట్టాను పడవకు అంటుకునేలా కప్పితే వేడీ చెమ్మా లోపలే నిలిచిపోతాయి. మొక్కలకు కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను పడవకు జానెడు పైన కట్టడం అంతకంటే మంచిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పెళుసుబారేలా చేస్తాయి; రంగు వెలిసిపోవడం దానికి మొదటి గుర్తు. పైగా తొలకరికి ముందు వచ్చే ఈదురుగాలులకు కట్టివేయని కయాక్ పిట్టగోడ దాటి పక్కవారి ఇంట్లో పడగలదు.

ఇంటికీ ప్రహరీకీ నడుమ తూర్పువైపు సందు ఉంటే అదే తగిన చోటు, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి అక్కడ ఇంటి నీడే పడుతుంది. పడవను పక్కకు ఒరిగించి, అంచు మీద నిలిపినప్పుడు దాని ఆకారం చెడే అవకాశం చాలా తక్కువ. రెండు కొనల నుంచి పొడవులో నాలుగో వంతు లోపలికి, అంటే మీ పడవకు రెండున్నర అడుగుల దగ్గర, ఒక్కొక్క ఇనుప బ్రాకెట్ బిగించి, దానికి ఏసీ గొట్టాలకు వాడే నల్ల ఫోమ్ తొడగండి. వెడల్పాటి నైలాన్ నవారుతో ఉయ్యాలలా కట్టినా సరిపోతుంది. కొనల్లోని పిడులకు తాడు కట్టి వేలాడదీయడం మాత్రం కూడదు, నడుము కిందికి జారుతుంది. ఎర్ర ఇటుక గోడైతే ఎక్స్‌పాన్షన్ బోల్టులు బాగా పడతాయి. తేలికపాటి బ్లాకుల గోడైతే కాంక్రీటు స్తంభానికే బిగించడం క్షేమం.

మూడో అంతస్తు

మా అపార్ట్‌మెంటులో 10 అడుగుల పడవ లిఫ్టులో పట్టదు. మేడ అందరి ఉమ్మడి స్థలం కాబట్టి అసోసియేషన్ ఒప్పుకోదు. అందువల్ల గాలి కయాక్‌లు మాత్రమే కొంటాను. మీ గాలి కయాక్ గురించి ఒక మాట. పైకి ఆరినట్లు కనిపించినా అతుకుల మధ్య తడి మిగులుతుంది, అలాగే మడిచిపెడితే బూజు పడుతుంది. ప్రతిసారీ ఒకే మడత మీద మడవకండి. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో సంచిని నమ్మడం కంటే పాత ట్రంకు పెట్టెలో దాచడం మంచిది.

పాత తెడ్డు

స్థలం సంగతి తరువాత, ఆ 16 అడుగుల పడవను ఏ నీటిలో నడుపుతారు? దుర్గం చెరువులో కాసేపు తిరగడానికి అక్కడి అద్దె పడవలు చాలు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయిన తాగునీటి జలాశయాలు. సొంత పడవ దించవచ్చునని ఊహించుకొని బయలుదేరవద్దు, ఏ జలాశయానికైనా ముందు అనుమతి అడగండి. వికారాబాద్ దగ్గరి కోటిపల్లి ప్రాజెక్టు వంటి చోట మీ 10 అడుగుల పడవే హాయిగా తిరుగుతుంది. టూరింగ్ కయాక్ తిన్నగా, వేగంగా సాగుతుంది, సామాను మోస్తుంది, కాని మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. చేపల వలలు పరచిన చెరువులో అది చికాకే.

కారు సంగతి కూడా ఆలోచించండి. పన్ను రాయితీ కోసం మన దేశంలో చిన్న కార్లను 4 మీటర్ల లోపు, అంటే సుమారు 13 అడుగులకు కుదించి తయారుచేస్తారు. దాని మీద 16 అడుగుల పడవ కడితే కొనలు బయటికి పొడుచుకువస్తాయి, సైనిక్‌పురి నుంచి ఊరు దాటేలోపు ఎన్ని బైకులు వెనుక నుంచి దూసుకొస్తాయో మీకే తెలుసు. తరచూ పెద్ద జలాశయాలకో సముద్రానికో వెళ్ళే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి, అదీ ఉన్నవాటిలో ఒకటి అమ్మిన తరువాతే. చూడటానికి వెళ్ళినప్పుడు అడుగు పొడవునా అరచేతితో నొక్కి చూడండి; మెత్తగా తగిలిన చోట లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు.

సైనిక్‌పురి తెడ్డు

అందరికీ కృతజ్ఞతలు. తూర్పు సందు ఉంది, వెడల్పు 4 అడుగులు. టేపుతో కొలిచి చూస్తే 16 అడుగుల పడవ గేటు దగ్గర మలుపు తిరిగి ఆ సందులోకి రాదని తేలింది, కాబట్టి దాన్ని వద్దని చెప్పేశాను. ఉన్న రెండింటినీ గోడకు ఒకదాని పైన ఒకటి బిగిస్తాను. ఎంత ఎత్తులో పెట్టమంటారు?

నీటిబాట

అలాంటి పడవ సాధారణంగా 20 కిలోలకు పైనే ఉంటుంది కనుక, పై బ్రాకెట్‌ను మీ భుజం ఎత్తు దాటనివ్వకండి. కింది పడవ వానాకాలంలో సందులో నీళ్ళు నిలిచే మట్టానికి పైన ఉండాలి. కూర్చునే వైపును గోడకేసి తిప్పి, నీళ్ళు పోయే బిరడాలు తీసి ఉంచండి; లేకపోతే గుంటల్లో వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి.