ఎర్ర సున్నాలు చూశాక పెన్ను కదలడం లేదు

అడిగినది: ఉద్దానం పిల్ల

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీసే పని చేస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది, అదీ ఇరవయ్యేళ్ళ కిందటి మాట. చేతులు పని చేస్తుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది కదా, అందులో కథలు తిరుగుతుంటాయి. రెండేళ్ళ నుంచీ మా అబ్బాయి పాత నోటు పుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాల మీద రాస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఒకసారి చూసి "చీటీల లెక్కా?" అని అడిగాడు. అవునన్నాను.

కిందటి నెల ధైర్యం చేసి ఒక కథని శుభ్రంగా తిరగరాసి తెలిసినాయనకి ఇచ్చాను. ఆయనా కథలు రాస్తాడు. వారం పోయాక తిరిగిచ్చాడు. మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో 14 సున్నాలు. లెక్కపెట్టాను, కిలోల్లెక్కన కూలి తీసుకునేదాన్ని కదా, అలవాటు. మొదటి సున్నా పేరు పక్కనే ఉంది, 'కథ' అని రాయాల్సిన చోట 'కధ' అని రాశానట. "ముందు ఒత్తులు నేర్చుకోమ్మా, కథల సంగతి తరవాత" అన్నాడు. తప్పులు చూపించినందుకు కోపం లేదు. కథ ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పలేదు. అదే గుచ్చుకుంది.

అప్పట్నుంచీ మా అబ్బాయి తెలుగు పుస్తకం తీసి సంధులు కంఠస్తం చేస్తున్నాను. సవర్ణదీర్ఘం, గుణం అయిపోయాయి, యణాదేశంలో ఉన్నాను. కానీ రాయడానికి కూర్చుంటే ఒక్క లైను పడదు. మాట మాటకీ ఇది రైటా తప్పా అని ఆగిపోతున్నాను. వ్యాకరణం అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? మా శ్రీకాకుళం మాట కథలో రాయొచ్చా, అది కూడా తప్పుల్లోనే లెక్కా?

కథలో ఒక ముక్క పెడుతున్నాను. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను మీద రాసింది. మా నాన్న జీడితోట ఆ రాత్రే పోయింది. నవ్వకండి.

"ఆ రాత్రి తిత్లీ తుపాను వచ్చి, నాన్న తోటకి వెళ్ళి, అమ్మ వద్దని చెప్పి, తలుపు కొట్టుకుంటుంది. తోటలోని చెట్లన్నీ గాలి చేత నేలకూల్చబడింది. నాన్న యొక్క మనసులో తీవ్రమైన భాధ, నిశబ్ధం ఆవరించుకుంది. 'అయ్యో, మన జీడితోట నాశనమైపోయినదే' అని విలపించెను."

జవాబు: కల్లం కుర్రోడు, రాజాం

అప్పా, ఎవులో ఎర్ర పెన్ను పెట్టీసినారని నువ్వు మానీడమేటి? గిడుగు రామ్మూర్తి పంతులుగారు మన జిల్లావోరే, ముఖలింగం దగ్గిర పర్వతాలపేటలో పుట్టినారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తన్నామంటే అది ఆయన పుట్టినరోజు గదా. జనం నోట్లో మాటే పుస్తకంలోకి రావాలని జీవితమంతా కొట్లాడినారు. ఆయన ఊరి గాలి పీల్చి, మన మాట తప్పా అని అడుగుతావేటి? సంధులు అటక మీద పడీసి నోటికొచ్చినట్టు రాసీ. యాకరణం గీకరణం తరవాత సూసుకుందాం.

జవాబు: ప్రూఫు కళ్ళద్దాలు, విజయనగరం

పై తమ్ముడి మాటలో సగం తీసుకోండి. నేను ప్రింటింగ్ ప్రెస్సులో 22 ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. పెళ్ళి శుభలేఖల నుంచి శతకాల దాకా అన్నీ నా కళ్ళ ముందు నుంచే పోయాయి.

మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు ప్రశ్న అడిగిన మూడు పేరాల్లో నాకు దొరికింది ఒక్క తప్పు: 'కంఠస్తం' కాదు, 'కంఠస్థం'. కథలోంచి పెట్టిన నాలుగు వాక్యాల్లో మాత్రం ఏడెనిమిది ఉన్నాయి. రాసింది ఒకే మనిషి. మరి తేడా ఎక్కడొచ్చింది? ప్రశ్న మీ నోటితో అడిగారు. కథ దగ్గరికి వచ్చేసరికి ఎవరిదో పట్టుచీర అరువు తెచ్చుకుని కట్టుకున్నారు. అది కాళ్ళకి అడ్డం పడుతోంది. 'యొక్క', 'విలపించెను', 'ఆవరించుకుంది', ఇవి మీ ఇంట్లో ఎవరైనా అంటారా? తలుపు 'కొట్టుకుంటుంది' అని ఇప్పటి తెలుగులో మొదలెట్టి, నాన్న దగ్గరికి వచ్చేసరికి 'విలపించెను' అని మా తాతల కాలానికి వెళ్ళిపోయారు.

అసలు తప్పు మొదటి వాక్యంలో ఉంది. దాని మీద సున్నా పడిందో లేదో నాకు అనుమానమే, ఎందుకంటే ఒత్తులు వెతికేవాళ్ళకి అది కనపడదు. వచ్చి, వెళ్ళి, చెప్పి. ఇలా సగంలో ఆగే క్రియని క్త్వార్థకం అంటారు. పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ పని చేసినవాళ్ళే వాక్యం చివర్లో ఉన్న పనీ చెయ్యాలి. 'నాన్న తోటకి వెళ్ళి చెట్లు చూశాడు', ఇద్దరూ నాన్నే, సరిపోయింది. మీ వాక్యంలో వచ్చింది తుపాను, వెళ్ళింది నాన్న, చెప్పింది అమ్మ, కొట్టుకున్నది తలుపు. ఒక సైకిలు మీద నలుగురు ఎక్కారు. మనిషి మారితే వాక్యం ఆపెయ్యండి. లేదా 'రాగానే', 'వెళ్తుంటే' అనండి. 'వాన పడి చేను మునిగింది' అంటాం కదా అని మీరు అడగొచ్చు. అక్కడ వాన వల్లే చేను మునిగింది, అది కారణం, కాబట్టి చెల్లుతుంది. అమ్మ వద్దని చెప్పినందువల్ల తలుపు కొట్టుకోదు.

రెండోది, 'చెట్లన్నీ నేలకూల్చబడింది'. చెట్లు చాలా, క్రియ ఒక్కటికి సరిపోయేది. 'చెట్లన్నీ కూలిపోయాయి' అంటే అయిపోయె. 'బడింది' తగిలిస్తే పెద్దగా ఉంటుందనుకుంటాం, నిజానికి ఆఫీసు నోటీసులా ఉంటుంది.

ఇక ఒత్తులు. వీటికి సూత్రం కోసం చూడకండి, కంటికి అలవాటు కావాల్సిందే. 'థ' కడుపులో చుక్క ఉంటుంది: కథ, విద్యార్థి, ప్రార్థన, తీర్థం. 'ధ'కి చుక్క లేదు: బాధ, వ్యాధి, ఆధారం. అర్థం అంటే మాటకి ఉండేది, అర్ధం అంటే సగం, అందుకే అర్ధరాత్రి. 'బాధ'లో ఒత్తు రెండో అక్షరానికే. 'నిశ్శబ్దం'లో 'శ'కి 'శ' వత్తు ఉంది, 'ద'కి పొట్ట కింద గీత అక్కర్లేదు. ఫోన్లో టైపు చేస్తే ఫోనే తప్పు మాట అందిస్తుంది, దాన్ని నమ్మొద్దు. అనుమానం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువు ఉంది, మాట కొట్టి చూడండి. నోటు పుస్తకం చివరి పేజీలో మీరు తప్పిన మాటలు మాత్రమే రాసుకోండి. మీ 14 సున్నాల్లో ఒకే తప్పు ఎన్నిసార్లు పడిందో చూడండి, నా అంచనాలో మాటలు ఆరో ఏడో ఉంటాయి.

తమ్ముడూ, నోటికొచ్చినట్టు రాయమన్నావు. మన మాటకీ వ్యాకరణం ఉంది. నువ్వు 'పెట్టీసినారు' అన్నావు, 'పెట్టీసినాడు' అనలేదు, ఎందుకు? ఒకే మనిషి ఒక లైనులో 'పోనాది' అని, తరవాతి లైనులో 'పోయింది' అంటే ప్రూఫులో నేను ఆగిపోతాను.

జవాబు: రిటైర్డు తెలుగు మాస్టారు

అమ్మా, అలాంటి ఎర్ర సున్నాలు పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి. ముప్పై ఏళ్ళు పెట్టాను. వ్యాసం చివర 'బాగుంది' అని రాయడానికి నీలం సిరా కూడా ఉండాలని అప్పుడు తోచలేదు.

సంధులు చదవడం మానొద్దు, చదివింది ఎక్కడికీ పోదు. కానీ యణాదేశం వచ్చినంత మాత్రాన కథ రాదు. వీలు చూసుకుని ఒకసారి శ్రీకాకుళం కథానిలయానికి వెళ్ళండి. కథలు రాసిన కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, 1997లో పెట్టింది. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో, అంటే ఆమదాలవలసలో దిగి బస్సు పట్టుకోవాలి. తెలుగు కథలన్నీ ఒకచోట పోగెయ్యాలని పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ మన ప్రాంతం వాళ్ళ కథలు తీసి, మాట్లాడుకునే చోట్లు మాత్రం చదవండి. ఎవరి నోట ఏ మాట పెట్టారో చూడండి. కథ చెప్పేది ఆ ఇంటి పిల్ల అయితే, మామూలు వాక్యాల్లో కూడా ఆ పిల్ల మాట ఉండొచ్చు. ఇక్కడ ప్రూఫుల వారు ఒప్పుకోకపోవచ్చు.

రాసిన పేరాని పైకి చదవండి. ఊపిరి ఆడని చోట వాక్యం తెగాలి. ఇంట్లో వింటారని సిగ్గయితే పెరట్లో చదవండి.

మళ్ళీ రాసింది: ఉద్దానం పిల్ల

మాస్టారూ, ప్రూఫుల గారూ, తమ్ముడూ, అందరికీ దండాలు. సున్నాలు మళ్ళీ లెక్కపెట్టాను. 14లో తొమ్మిది 'ధ' దగ్గరే. మాటలు అయిదే. అంత భయపడింది అయిదు మాటలకా అనిపించింది.

పేరా పెరట్లో కూర్చుని పైకి చదివాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఎవులితో మాటాడతన్నావే?" అంది. ఇప్పుడిలా అయింది:

"తిత్లీ వచ్చిన రాత్రి తలుపు టపటపా కొట్టుకుంటోంది. నాన్న తోటకి బయల్దేరాడు. అమ్మ గడపకి అడ్డంగా కూకుంది. తెల్లారాక వెళ్ళి చూస్తే ఒక్క చెట్టూ నిల్చుని లేదు. నాన్న ఏడవలేదు. పడిపోయిన మాను మీద చెయ్యేసి, 'ఇదేసినప్పటికి నువ్వింకా పుట్నేదు' అన్నాడు."

విలపించెను తీసేశాను. అసలు ఆ రోజు నాన్న ఏడవనే లేదు, ఆ మాట ఉందని ఏడిపించాను. 'కూకుంది' మాత్రం ఉంచాను, కూర్చుంది అంటే అది మా అమ్మలా లేదు.

ఇంకొక్కటి. వరి ఉడుపులకి మా వైపు 'ఉభాలు' అంటాం. కొందరు 'ఉబాలు' అని రాస్తున్నారు. ఏ బ? తరవాతి కథ దాని మీదే.

జవాబు: ప్రూఫు కళ్ళద్దాలు, విజయనగరం

రెండూ నా ప్రూఫుల్లోకి వచ్చాయి. మీకు నచ్చింది ఒకటి పట్టుకుని కథ చివరిదాకా అదే ఉంచండి. 'కూకుంది' నేనైతే దిద్దను.