లిబర్టేరియన్‌ని "స్వేచ్ఛావాది" అనొచ్చా?

ప్రశ్న: అమెరికా రాజకీయాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. "లిబర్టేరియన్" అన్న మాట పదే పదే వస్తోంది. స్వేచ్ఛావాది అని రాస్తే, చదివినవాళ్ళు "అంటే విచ్చలవిడిగా ఉండేవాళ్ళా?" అని అడిగారు. వాళ్ళ విదేశాంగ విధానానికి ఏకాకివాదం అని పెట్టాను. అదైనా సరిపోతుందా?

జవాబు: మీ పాఠకుల తప్పేమీ లేదు. స్వేచ్ఛ మంచి మాటే. స్వ, ఇచ్ఛ కలిసి గుణసంధితో వచ్చింది. కానీ దాని చుట్టాల సంగతి చూడండి. "యథేచ్ఛగా" అన్న మాట పేపర్లో ఎక్కడ కనిపిస్తుంది? యథేచ్ఛగా ఇసుక తవ్వకాలు, యథేచ్ఛగా కల్తీ పాల అమ్మకాలు. స్వైరవిహారం చేసేవి వీధి కుక్కలూ దోమలూ. ఇష్టారాజ్యం సరేసరి. నచ్చినట్టు నడుచుకోవడాన్ని చెప్పే మాటలు మన దగ్గర చాలావరకు చెడు అర్థంలోకే జారిపోయాయి. స్వేచ్ఛ ఒక్కటే నిలబడింది. దానికి "వాది" తగిలించేసరికి అదీ కాస్త జారింది.

లిబర్టేరియన్ల వాదమంతా ఒక హద్దు చుట్టూ తిరుగుతుంది. ఎవరి మీదా ముందుగా చెయ్యి చేసుకోకూడదు, మోసం చేయకూడదు. ఈ నియమం మనిషికెంతో ప్రభుత్వానికీ అంతే. 1971 డిసెంబరులో కొలరాడోలో పుట్టిన లిబర్టేరియన్ పార్టీ, ఎవరికీ హాని జరగని "నేరాల" చట్టాలన్నీ ఎత్తెయ్యాలని మొదటి నుంచీ పట్టుబట్టింది. తన ఒంట్లోకి ఏం పోసుకున్నాడు, తన డబ్బుతో జూదమాడాడా, ఎవరితో కాపురం చేస్తున్నాడు అన్నవి పోలీసులు అడగాల్సినవి కావు అంటారు. అలాగని వాళ్ళందరూ అన్నిట్లో ఒక్కమాట మీద లేరు. గర్భస్రావం దగ్గర నిలువునా చీలిపోయారు. ప్రభుత్వం తలదూర్చకుండా ఆ నిర్ణయం ఎవరికి వారికే వదిలెయ్యాలన్న అంశాన్ని పార్టీ 2022లో తన ప్రణాళికలోంచి తీసేసింది.

ఇక యుద్ధం సంగతి. ఇంట్లో వద్దన్న బలవంతాన్ని పరాయి దేశం మీదా వద్దంటారు. ఈ రెండూ కలిసే చోటు నిర్బంధ సైనిక సేవ. వియత్నాం రోజుల్లో పద్దెనిమిదేళ్ళు దాటిన కుర్రాడిని చట్టం పేరుతో పట్టుకెళ్ళి యుద్ధానికి పంపేవారు. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు, అధ్యక్షుడు నిక్సన్ దీని మీద వేసిన కమిషన్‌లో సభ్యుడిగానూ ఉన్నాడు. ఇష్టపడి చేరేవాళ్ళతోనే సైన్యం నడవాలని ఆ కమిషన్ చెప్పింది. 1973లో నిర్బంధంగా చేర్చుకునే పద్ధతి ఆగిపోయింది. మనిషి ఒళ్ళు ప్రభుత్వం సొత్తు కాదన్న మాటా, ఊరికే యుద్ధాలకు దిగొద్దన్న మాటా అక్కడ ఒకటే అయ్యాయి. వాళ్ళ వాదనల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచేది ఇదే.

ఏకాకివాదం అని మాత్రం రాయకండి. టెక్సాస్ నుంచి ప్రతినిధుల సభలో ఉన్న రాన్ పాల్‌నే చూడండి, రిపబ్లికనే అయినా భావాల్లో లిబర్టేరియన్. 2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి ప్రతినిధుల సభ 296–133 ఓట్లతో అనుమతిచ్చింది. రిపబ్లికన్లలో వద్దన్నది ఆరుగురే. వాళ్ళలో ఆయనొకడు, అదీ తన రాష్ట్రం మనిషే అధ్యక్షుడిగా ఉండగా. అదే రాన్ పాల్ క్యూబాతో వ్యాపారం మీదున్న నిషేధం ఎత్తెయ్యమనేవాడు. తలుపులేసుకుని కూర్చోవాలనేవాడు ఆ మాట అంటాడా? వాళ్ళు తరచూ తలుచుకునేది 1801లో జెఫర్సన్ అధ్యక్షుడిగా తొలి ప్రసంగంలో చెప్పిన మాట: అన్ని దేశాలతో శాంతి, వ్యాపారం, నిజాయితీ గల స్నేహం ఉండాలి, చిక్కుల్లో పడేసే పొత్తులు ఎవరితోనూ వద్దు.

దీనికి "జోక్యరహిత విధానం" అని పత్రికల మాట ఉంది, తప్పు లేదు. కానీ మనకి ఇంతకంటే దగ్గరి మాట ఒకటుంది. జోలి. "నా జోలికి రాకు", "వాళ్ళ జోలి మనకెందుకు", "ఒకరి జోలికి పోయే మనిషి కాదు". ఈ మాట ఎక్కువగా ఏదో ఒక "వద్దు"తోనే వస్తుంది. పైగా పక్కింటికీ పక్క దేశానికీ ఒకేలా సరిపోతుంది. ఒకరి జోలికి పోని మనిషి పలకరించడం మానడు, అప్పిస్తాడు, పెళ్ళికి పిలిస్తే వెళ్తాడు. మాట్లాడకుండా మూల కూర్చునే ఏకాకికీ ఇతనికీ తేడా ఉంది.

"అలీన" కూడా కుదరదు. అలీనం అంటే కూటమిలో చేరకపోవడం, అంతవరకే. 1971లో మనం అలీన దేశంగా ఉంటూనే తూర్పు పాకిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపాం. కోటిమంది దాకా శరణార్థులు వచ్చిపడ్డ పరిస్థితి అది. ఆ యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే కొలరాడోలో ఆ పార్టీ పుట్టింది. ఎవరి జోలికీ పోవద్దన్న నియమాన్ని ఢాకాకి వర్తింపజేయాలంటే నాకు మింగుడు పడదు.

కింద ఒకరు: స్వతంత్రవాది అంటే పోలా? మన ఎన్.జి. రంగా గారు అధ్యక్షులుగా ఉన్న స్వతంత్ర పార్టీ కూడా ప్రభుత్వ పెత్తనం వద్దనేదిగా?

జవాబు: వ్యాపారం, భూమి విషయంలో పోలిక ఉంది. 1959లో ఆ పార్టీ పుట్టిందే లైసెన్సుల రాజ్యానికీ ఉమ్మడి సేద్యానికీ ఎదురుగా. కానీ దాన్ని స్థాపించిన రాజాజీ, 1937లో మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టిన మనిషి. లిబర్టేరియన్ అక్కడే ఆగిపోతాడు.

ఇంకొకరు: దూబగుంట సంగతేంటి మరి? తాగేవాడి జోలికి పోకూడదనా?

జవాబు: సరైన చోట పట్టుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి కదిలారు. ఆ సారాకి వేలంపాటలు పెట్టి ఆదాయం తీసుకున్నది ప్రభుత్వమే. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. లిబర్టేరియన్‌ని అడిగితే, తాగి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి శిక్షించండి, సీసాని కాదు అంటాడు, సర్కారుకి సారా వ్యాపారమేంటనీ అడుగుతాడు. రెండో మాటకి నేను ఒప్పుకుంటాను. మొదటిది చాలదు. కూలి డబ్బులు లాక్కునేవాడు కూడా "నా జోలికి రాకు" అనే అంటాడు. ఫిర్యాదు చేయడానికి స్టేషన్ మెట్లెక్కలేని ఆడమనిషికి ఆ మాట రక్షణ అవదు. తలుపు వెనక ఎవరు ఎవరి మీద ముందు చెయ్యి చేసుకున్నారో చూసేదెవరన్నదానికి ఆ వాదంలో నాకు సరైన జవాబు దొరకలేదు.

మొదట అడిగినవారికి: "లిబర్టేరియన్" అనే ఉంచండి. మొదటిసారి వచ్చిన చోట "ఎవరి జోలికీ ప్రభుత్వం పోకూడదనేవాళ్ళు" అని ఒక వాక్యం చేర్చండి. విదేశాంగం దగ్గర "జోక్యరహిత" వాడండి. ఏకాకివాదం అన్నచోటల్లా కొట్టెయ్యండి.