స్ట్రాస్‌బర్గ్ తీర్పు వచ్చాక కూడా పాత శిక్ష నిలుస్తుందా?

లా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఇటలీలో అమెరికా విద్యార్థిని అమాండా నాక్స్ మీద హత్య కేసు 2015లో పూర్తిగా కొట్టేశారు. కానీ ఆ హత్య చేశాడని ఓ అమాయకుడి మీద నింద వేసిందన్న మూడేళ్ల శిక్ష మిగిలిపోయింది. పోలీసులు రాత్రంతా ప్రశ్నిస్తుంటే నాక్స్ పక్కన లాయర్ లేరు. మాటలు అనువదించాల్సిన దుబాసీ తల్లిలా ఓదారుస్తూ మధ్యవర్తిగా మారిపోయింది. ఈ ఒక్క వివరం నా మనసులోంచి పోవట్లేదు.

2019లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు విచారణ న్యాయంగా జరగలేదని తేల్చింది. కేసు తిరగదోడారు. 2024లో ఫ్లోరెన్స్ కోర్టు, నాక్స్ అప్పట్లో చేత్తో రాసిన కాగితం చూపి మళ్లీ దోషే అంది!

స్ట్రాస్‌బర్గ్ కోర్టు శిక్షను నేరుగా రద్దు చేయలేదని తెలుసు. మరి దేశంలోని కోర్టు అదే నిర్ణయానికొస్తే అది తీర్పును అమలు చేసినట్టేనా? నాలుగు నెలల గడువులో మళ్లీ స్ట్రాస్‌బర్గ్‌కే వెళ్తే కొత్త ఫిర్యాదుగా తీసుకుంటారా?