సమస్యాపూరణం: తిరుగమోత వలన తిండి చెడెను

నిర్వాహకుడు:
బెంగళూరు పద్యప్రియులకు నమస్సులు. ఈ వారం సమస్య వంటింటి నుండి వచ్చింది.

"తిరుగమోత వలన తిండి చెడెను"

ఇది ఆటవెలదిలో సరిపాదం (రెండవ, నాలుగవ పాదాల రకం); దీనితో ముగిసేలా మిగిలిన మూడు పాదాలూ మీరు అల్లాలి. అయిదూ సూర్యగణాలే (గురులఘువుల హగణం గాని, మూడు లఘువుల నగణం గాని), తొలి 'తి'కి నాలుగవ గణంలోని 'తిం'తో యతి, అంటే అక్షరమైత్రి, చెల్లుతుంది. రుచి కోసం పెట్టే పోపే తిండిని చెడగొట్టిందనడంలోని విరోధాన్ని పూరణలో పరిహరించాలి.

జయనగరం సభ్యుడు:

మెంతు లెక్కువైన మేలని తలపోసి
కొత్త వంటవాఁడు గుప్పెఁడేసె;
మాడె నవియ, చేదు మప్పెఁ బప్పున కెల్ల;
తిరుగమోత వలన తిండి చెడెను.

యలహంక సభ్యురాలు:
పూరణ సూటిగా ఉందండీ. పప్పుకు చేదు 'మప్పడం' నాకు బాగా నచ్చింది. అయితే 'గుప్పెఁడేసె' అన్నది వాడుకమాట. గ్రాంథికంలో 'గుప్పెఁడు వేసె' అన్నదానికి ఆ రూపం రాదు. 'గుప్పి వైచె' అంటే గణాలూ యతీ చెక్కుచెదరవు. వంట సంగతి కూడా ఒకటి చెప్పాలి. మెంతులు ఎక్కువైనందుకే కాదు, నల్లబడినందుకు కూడా అంత చేదు వస్తుంది. అవి ఎర్రబడుతూండగానే ఆవాలు, జీలకర్ర వేసి, కరివేపాకు, ఇంగువ చివరకు ఉంచుకొంటే పప్పు బ్రతికేది.

జయనగరం సభ్యుడు:
సవరణ శిరోధార్యం, అమ్మా.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:
పద్యరచనకు కొత్తవాడిని. మొదటి పాదం మాత్రమే కుదిరింది, చూడగలరు: "ఇంగువ మితిమీరి యిల్లెల్ల ఘాటెక్కె".

నిర్వాహకుడు:
భావం బాగుంది, నాయనా, గణాలూ కుదిరాయి. గణం పదం మధ్యలో విరగవచ్చు: 'ఇంగు' హగణం, 'వ మితి' నగణం, 'మీరి' హగణం, ఈ మూడూ సూర్యగణాలే; తరువాత రెండు తగణాలు (ఇంద్రగణాలు) వచ్చాయి, యతీ నిలిచింది.  మిగిలిన పాదాలు మీరే పూర్తి చేయాలి.

మల్లేశ్వరం సభ్యురాలు:

ఇడ్లి పిండి రుబ్బు నింటి యంత్రం బట,
కుక్క రూదె నిచట కూఁత లెన్నొ,
వినఁగ నెవరి తరము? వెసవెస గిరగిర
తిరుగ, మోత వలన తిండి చెడెను.

నాకు పోపుతో పని పడలేదు. యంత్రం తిరుగగా పుట్టిన మోతలో కుక్కరు కూతలు ఎవరికీ వినబడలేదు, పప్పు అడుగంటింది.

రాజాజీనగరం సభ్యుడు:
'తిరుగ, మోత' అని మాటను విడదీసిన విరుపు చక్కగా ఉంది. మూడవ పాదం చివర ఎనిమిది లఘువులు వరుసగా పరుగెత్తడం యంత్రానికి తగినట్లే ఉంది. కాని మొదటి పాదంలోని యంత్రానికీ నాలుగవ పాదంలోని 'తిరుగ'కూ మధ్య రెండు వాక్యాలు అడ్డుపడ్డాయి, ఇది దూరాన్వయమే.

నిర్వాహకుల మీద కూడా నాకొక అభ్యంతరం ఉంది. 'తిరుగన్' ద్రుతప్రకృతికం, అంటే చివర నకారమున్న పదం. దాని మీద 'పోత' వస్తే సరళాదేశం జరిగి, అంటే పకారం బకారమై, 'తిరుగఁబోత' కావాలి. కోయు నుండి కోత, నేయు నుండి నేత వచ్చినట్లే పోయు నుండి పోత వచ్చింది. ఉడికిన పప్పు మీద కాగిన నూనెను మళ్ళీ పోసేది కనుక తిరుగఁబోత అని నేను అన్వయించుకొంటాను. మకారం ఏ సూత్రంతో వచ్చిందో సెలవివ్వాలి.

నిర్వాహకుడు:
అయ్యా, సూత్రంతో రాలేదు, నాలుక మీద వచ్చింది. తిరగబోత, తిరగమోత, తిరగమాత, తిరవాత అన్నీ ఇళ్ళలో వినబడేవే. బకారం ఉంచితే మల్లేశ్వరం వారి విరుపుకు చోటుండదు. అందుకే తెలిసే మకారాన్ని ఎంచుకొన్నాను.

యలహంక సభ్యురాలు:
ఈ ఊళ్ళో ఇంకో చిక్కు కూడా ఉంది. వీధి చివరి హోటలులో ఇదే 'ఒగ్గరణె'. అక్కడ ఒగ్గరణె అవలక్కి అంటే పోపు పెట్టిన అటుకులు. చెన్నైలో మా చెల్లెలు 'తాళిప్పు' అంటుంది, అది మన తాళింపుకు తోబుట్టువే. హైదరాబాదు వారి బగారన్నంలోని 'బగారా' మాత్రం వేరే వంశం. దాని మూలం నెయ్యి చిలకరించడాన్ని చెప్పే సంస్కృత 'వ్యాఘార' ధాతురూపాలలో ఉంది.

మారతహళ్ళి సభ్యుడు:
మాది అనంతపురం వైపు. ఆ చిక్కునే పద్యం చేశాను.

కూర వలయు నంచుఁ గోరెఁ దాలింపును
సీమ చుట్ట మపుడు చేరవచ్చి;
ఆవగింజ లంతె యందె వడ్డనలోన;
తిరుగమోత వలన తిండి చెడెను.

మా వైపు బెండకాయ తాలింపు, గోరుచిక్కుడు తాలింపు అంటే నూనెలో మగ్గిన పొడికూర. చారులో వేసేది తిరవాత. కోస్తా వారింట్లో తాలింపు అడిగితే గరిటెలో చిటపటలాడే ఆవాలు తెచ్చారు!

రాజాజీనగరం సభ్యుడు:
'సీ'కి 'చే' యతి చెల్లుతుంది. 'అపుడు' అన్నది మాత్రం గణం నింపడానికే వచ్చింది; "సీమ చుట్ట మొకఁడు" అంటే పద్యం బిగుస్తుంది.

నిర్వాహకుడు:
నేనూ అదే అనబోయాను. ఈ వారం నా ఓటు మారతహళ్ళి వారికే. మల్లేశ్వరం వారి విరుపులో చమత్కారం ఎక్కువ, కాదనను. అయినా అక్కడ తిరగమోత పేరుకే మిగిలింది. ఇక్కడ వంటలో ఏ దోషమూ లేకుండానే, మెంతులు మాడకుండానే, చుట్టం భోజనం చెడింది. విరోధం మాటలోనే పుట్టి మాటలోనే తీరింది. జయనగరం వారి పూరణ సవరణతో నిర్దోషమైంది కాని, మొదట ఎవరికైనా తట్టే దారి అది.

వచ్చే వారానికి మళ్ళీ ఆటవెలది సరిపాదమే: "ఆవపిండి లేని దావకాయ". 'లేనిది ఆవకాయ' అన్న సంధిలోని ఆకారంతో యతిని చూసుకోగలరు. వైట్‌ఫీల్డ్ వారు ఈసారి నాలుగు పాదాలూ పంపాలి.