నల్లరేగడిలో మినీ నూరు వరహాలు: కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

పెరటిమొక్క_గుంటూరు:
కాంపౌండ్ గోడ వెంబడి పొట్టి రకం నూరు వరహాలు ఎనిమిది మొక్కలు వరసగా పెట్టాం. నర్సరీలో మినీ ఇక్సోరా అని ఇచ్చారు. నేల నల్లరేగడి, నీళ్లు బోరువి. గోడకూ మొక్కకూ మధ్య అడుగు దూరం ఉంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ బాగా తగులుతుంది. మొదట్లో గుత్తులు గుత్తులుగా పూశాయి. ఇప్పుడు కొత్తగా వచ్చే ఆకులు లేత పసుపు రంగులో ఉండి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. మరీ చివరి చిగుళ్లు తెల్లబడి అంచులు మాడుతున్నాయి. ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. ఇప్పటిదాకా వేసినవి: గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద, మొక్కకు గుప్పెడు డీఏపీ, ఒకసారి ఎప్సమ్ సాల్ట్ పిచికారీ. పురుగేమీ కనబడలేదు. ఇవి బాగుపడతాయా, తీసేసి వేరే మొక్కలు పెట్టుకోవాలా?

ఆకు_చూసి:
తీసేయక్కర్లేదండీ. మీరు చెప్పిన లక్షణాలు ఇనుము లోపానివి. ఇనుము ముదురు ఆకు నుంచి చిగురుకు కదలదు, అందుకే లోపం ముందు చిగురులో బయటపడుతుంది. నత్రజని, మెగ్నీషియం లోపాలైతే ముందు కింది ఆకులు పాలిపోయేవి. మీ మొక్కలకు ఎప్సమ్ సాల్ట్ పనిచేయకపోవడానికి కారణం ఇదే, అందులో ఉండేది మెగ్నీషియం.

నేలలో ఇనుము లేక కాదు, వేరుకు అందక ఈ బాధ. నూరు వరహాలుకు పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (పీహెచ్) 5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. నల్లరేగడిలో అది మామూలుగా 8 చుట్టూ ఉంటుంది. అక్కడ ఇనుము తుప్పులా గట్టిపడి నీటిలో కరగదు. నర్సరీ సంచిలోని మట్టి ఉన్నన్నాళ్లూ మొక్క బాగుంటుంది, వేళ్లు ఆ ముద్ద దాటి మన నేలలోకి వెళ్లాక పసుపు మొదలవుతుంది. మొదట్లో పూసి తర్వాత పాడవడం అందువల్లే.

మీరు వేసినవాటిలో మూడు దీన్ని పెంచేవే. గుడ్డు పెంకు అంటే సున్నం. బూడిద క్షారం. డీఏపీలో భాస్వరం 46 శాతం, అది ఎక్కువైతే ఉన్న కాస్త ఇనుమూ అందదు. మూడూ ఆపేయండి. ఎముకల పొడి కూడా ఈ మొక్క దగ్గరికి రానివ్వొద్దు.

ముందు చిగుళ్లను కాపాడుకోవాలి. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము అని పొలాలకు చెబుతారు. తెల్లబడిన చిగురు ఆ మోతాదుకు మాడొచ్చు కాబట్టి మొదటిసారి అన్నభేది 2 గ్రాములకు తగ్గించండి. నిమ్మ ఉప్పు ముందు కరిగించి, తర్వాత అన్నభేది వేయాలి. కలిపిన వెంటనే, సాయంత్రం పూట కొట్టాలి. 10 రోజుల తేడాతో మూడుసార్లు చాలు. అన్నభేది లేత ఆకుపచ్చ రంగులో ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే కొనకండి. పూల మీద, గోడ మీద, టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు.

ఎర్రమట్టి_కుండీ:
పిచికారీ చిగురుకే పనిచేస్తుంది, తర్వాత వచ్చే ఆకు మళ్లీ పసుపే. అన్నభేదిని పాదులో పోస్తే నల్లరేగడిలో కొద్ది రోజుల్లోనే తుప్పయిపోతుంది, డబ్బు దండగ. వేరుకు ఇవ్వాలంటే చీలేటెడ్ ఐరన్, అంటే గట్టిపడకుండా వేరే పదార్థం పట్టి ఉంచిన ఇనుము కావాలి, అందులోనూ ఏ రకమో చూసి కొనాలి. షాపుల్లో ఎక్కువగా దొరికేది ఈడీటీఏ, ప్యాకెట్ మీద ఐరన్ 12% అని ఉంటుంది. ఉదజని సూచిక ఆరున్నర దాటిన నేలలో అది ఇనుమును వదిలేసి కాల్షియాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఆకు మీద లీటరుకు అర గ్రాము నుంచి గ్రాము దాకా కొట్టుకోవచ్చు, పాదులో వద్దు. మీ నేలకు ఈడీడీహెచ్‌ఏ రకం, ఐరన్ 6% అని ఉన్నది అడగండి. ఖరీదెక్కువే, అయినా 8 దాటిన నేలలోనూ నిలబడేది అదే. నీళ్లలో వేస్తే ఎర్రగా తిరుగుతుంది. మొక్కకు 5 గ్రాములు 2 లీటర్ల నీటిలో కలిపి, ముందే తడిపిన పాదులో పోసి, పైన మట్టి కప్పండి. ఎండ తగిలితే చెడిపోతుంది. రెండు మూడు వారాల్లో కొత్త ఆకు పచ్చగా రావాలి. పసుపైపోయిన పాత ఆకులన్నీ తిరిగి పచ్చబడవు, వాటిని చూసి మందు పనిచేయలేదనుకోవద్దు.

నత్రజనికి యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ వేయండి, నెలకు మొక్కకు 10 గ్రాములు. అది నేలను కొద్దికొద్దిగా పులుపు వైపు తీసుకెళ్తుంది.

నీళ్ల సంగతి చిన్నది కాదు. బోరు నీటిలోని బైకార్బనేట్లు ప్రతి తడికీ కాస్త సున్నం వేసినట్టే. ఆర్వో మిషన్ నుంచి బయటికొచ్చే వృథా నీళ్లు ఇంకా చెడ్డవి, లవణాలన్నీ అందులోనే మిగులుతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు, డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు ఈ మొక్కలకు దాచిపెట్టండి.

పెరటిమొక్క_గుంటూరు:
చాలా థాంక్స్ అండీ. గంధకం వేస్తే నేలే మారిపోతుందని విన్నాను. ఎంత వేయాలి? ఇక్కడ తవ్వితే తెల్లటి సున్నపు గులకలు కూడా వస్తున్నాయి.

ఆకు_చూసి:
ఆ గులకలు ఉంటే గంధకం మీద ఆశ పెట్టుకోవద్దు. ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని వెనిగర్ పోయండి. బుస్సున పొంగిందంటే సున్నం బాగా ఉన్నట్టు. కిలో సున్నాన్ని కరిగించడానికి దాదాపు 320 గ్రాముల గంధకం కావాలి. చదరపు మీటరు నేలలో ఆరంగుళాల లోతుకు సుమారు 200 కిలోల మట్టి ఉంటుంది. అందులో సున్నం 1 శాతమే అనుకున్నా 2 కిలోలు, అంటే 640 గ్రాముల గంధకం. నల్లరేగడిలో సున్నం అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది నేలలోని బ్యాక్టీరియా, దానికి నెలలు పడుతుంది. ఈలోగా గోడ సిమెంటు నుంచి, కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు మాల్ నుంచి సున్నం దిగుతూనే ఉంటుంది. గోడకు అడుగు దూరం చాలదు, రెండడుగులైనా ఉండాలి.

ఎర్రమట్టి_కుండీ:
అందుకే ఈ మొక్కను నేల మీదికి ఎత్తడం మేలు. నల్లరేగడి మీద అడుగున్నర ఎత్తు మడి కట్టండి, లేదా 14 అంగుళాల కుండీలు. మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కుండీకి వేపపిండి 50 గ్రాములు. ఎర్రమట్టికి కూడా వెనిగర్ పరీక్ష చేసి చూడండి. మడి అంచుకు సిమెంటు పూత వద్దు, ఇటుకలు ఊరికే పేర్చండి. మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగులు సరిపోతుంది, ఈ రకం రెండు మూడడుగులకు మించదు.

మార్చేటప్పుడు తొలకరి తర్వాత, మబ్బు పట్టిన రోజు చూసుకోండి. వేరుముద్ద విరగకుండా తవ్వి తీసి, కొమ్మల్ని మూడో వంతు కత్తిరించి పెట్టండి.

గుత్తిపూలు:
కత్తిరింపు గురించి ఒక మాట. పూలు కొమ్మ కొనన వస్తాయి. హెడ్జ్ కత్తెరతో పదే పదే పైపైన సమం చేస్తే మొగ్గలన్నీ పోతాయి, ఆకు తప్ప ఏమీ మిగలదు. వాడిన గుత్తిని దాని కింది మొదటి ఆకుల జత పైన తుంచండి చాలు. గట్టి కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే. మొక్క పసుపుగా ఉండగా మాత్రం వద్దు, ముందు నాలుగైదు జతల పచ్చటి ఆకులు రానివ్వండి.

చీమలు కొమ్మల మీద తిరుగుతుంటే ఆకు అడుగున చూడండి. పేనుబంక, పొలుసు పురుగు, పిండినల్లి అక్కడే ఉంటాయి, వాటి జిగురు మీద నల్లటి మసి పడుతుంది. లీటరుకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, సబ్బు నీళ్లు కొద్దిగా కలిపి ఆకు అడుగు తడిసేలా వారానికోసారి, మూడు వారాలు కొట్టండి. ఇనుము మందుతో కలిపి కొట్టకండి, రెంటికీ మధ్య నాలుగు రోజులైనా ఎడం ఉండాలి.