టెలిమెడిసిన్ ఓపీలో మెడికల్ విద్యార్థులకు ఏ పని ఇస్తున్నారు?

మెడిసిన్ విభాగంలో పాఠాలు చెబుతూ వారంలో ఒక పూట వీడియో ఓపీ చూస్తాను. చివరి ఏడాది విద్యార్థులు నా వెనక కూర్చుని స్క్రీన్ చూడటమే తప్ప నేర్చుకుంటున్నది ఏమీ కనిపించడం లేదు. పైగా వాళ్లు కెమెరాలో పడరు కాబట్టి, గదిలో ఇంకెవరున్నారో పేషెంటుకు ముందే చెప్పి ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇకపై విద్యార్థులే ముందు కాల్‌లో చేరి హిస్టరీ (జబ్బు వివరాలు) తీసుకుని, పేషెంటును వీడియో కాల్‌లోని వెయిటింగ్ రూములో ఉంచి నాకు కేసు చెప్పాలని, తర్వాత కలిసి మాట్లాడాలని అనుకుంటున్నా. మధ్యలో నెట్ తెగితే మళ్లీ ఎవరు కాల్ చేయాలన్నది ఇంకా తేలలేదు.

అసలు చిక్కు పేషెంటును పరీక్షించడం దగ్గరే. ఆయాసపడే మనిషి ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, పొట్టను తన చేత్తోనే నొక్కుకున్నప్పుడు ముఖం ఎలా మారుతోంది... ఇవి చూడటం నేర్పొచ్చు. మరి స్టెతస్కోపు పెట్టని పరీక్షకు మార్కులు ఎలా వేస్తున్నారు? వీడియో లేని ఫోన్ కాల్స్ కూడా విద్యార్థులకు అప్పగిస్తున్నారా? ఒక్కో పేషెంటుకు ఎంతసేపు పడుతోంది? ఇలాంటి ఓపీ నడుపుతున్నవారు, విద్యార్థులుగా కూర్చున్నవారు కూడా చెప్పండి.